ఎండల మల్లన్న బస్టాపు

మా మేనల్లుడు ఉండేది మొడెస్టో. కాలిఫోర్నియాలో ఓ మాదిరి ఊరు. ఈ సంక్రాంతికి పెళ్లాంపిల్లలతో దిగుతున్నాడు. ఈ మట్టి తొక్కి వాడికి పదహారేళ్లయింది. వచ్చేముందు వాట్సాప్‌లో మూడంటే మూడు ప్రశ్నలు పంపాడు.

"మావయ్యా, పిల్లలకు చూపించడానికి మన పలాస, టెక్కలి వైపు ల్యాండ్‌మార్కులు ఏమున్నాయి? షాపింగ్‌కి ఎక్కడికెళ్లాలి? తిరగడానికి ట్రాన్స్‌పోర్టు ఏంటి?"

మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు. మీకు మాత్రం వస్తుందా?

వాడి ఊరి ఫొటో కూడా ఒకటి జతచేశాడు. నడిరోడ్డు మీద ఆర్చి. 1912లో కట్టారట. దాని మీద నాలుగే మాటలు. నీరు. సంపద. సంతృప్తి. ఆరోగ్యం. ఆ నినాదం కోసం అప్పట్లో పోటీ పెడితే మొదటి బహుమతి వచ్చింది దీనికి కాదట, మేక మీద అల్లిన ఏదో కొంటె మాటకు. ఊరి పెద్దలకు అది నామోషీ అనిపించింది. నెగ్గినదాన్ని కూర్చోబెట్టి రెండోదాన్ని ఎక్కించారు. నెగ్గేది ఒకరు, ఎక్కేది ఇంకొకరు. ఈ విద్య వాళ్లు మనకు నేర్పారా, మనమే వాళ్లకు నేర్పామా?

సరే, ఆ నాలుగు మాటలూ తెచ్చి ఉద్దానం పొలిమేరలో ఆర్చి కట్టి రాయించండి చూద్దాం. 'నీరు' దగ్గరే పెయింటర్ చెయ్యి వణుకుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు పిల్లాడి ప్రశ్నలు.

ల్యాండ్‌మార్కులా? లేకేం! టెక్కలి పక్కన రావివలసలో ఎండల మల్లికార్జునుడున్నాడు. చూస్తే కళ్లు చెదిరేంత లింగం. పైన కప్పుండదు. గుడి కట్టబోతే స్వామే వద్దన్నాడనీ, తాను ఎండలో ఉండి జనాన్ని చల్లగా చూస్తానన్నాడనీ అక్కడివాళ్లు చెబుతారు. ఈ కథ మన ఇంజినీర్ల చెవిన ఎప్పుడు పడిందోగాని భక్తి ముదిరిపోయింది. హైవే దిగి ఏ పల్లె కూడలికైనా వెళ్లండి. బస్టాపంతా ఎండల మల్లన్న గుడే. నాలుగు ఇనుప గొట్టాలుంటాయి. రేకుండదు. తిత్లీ తుపానుకు ఎగిరిన రేకు ఎగిరినట్టే ఉంది. గొట్టానికి కట్టిన బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. ఫలానా గౌరవనీయుల నిధులతో నిర్మించబడినది! గంటకు నూటయాభై కిలోమీటర్ల గాలికి కప్పు పోయింది, పేరు పోలేదు. ఆ పేరును దేంతో అతికిస్తారో ఆ జిగురుతోనే రేకునూ అతికించకూడదా?

దేవుడంటే తానై అడిగి ఎండలో కూర్చున్నాడు. చంకలో పిల్ల, చేతిలో సంచీతో నిలబడ్డ ఈ తల్లిని ఎవరడిగారు?

రెండోది తేలినీలాపురం. ఏటా చలికాలానికి ముందే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాలతాయి. సైబీరియా నుంచి వస్తాయని మనవాళ్ల నమ్మకం. పక్షుల గురించి చదువుకున్నవాళ్లు అంత దూరమేం కాదంటారు. ఎంత దూరమైతేనేం, వేళకు వస్తాయి. చెట్లెక్కి గూళ్లు కడతాయి, పిల్లల్ని లేపుతాయి, రెక్కలు రాగానే వెళ్లిపోతాయి. శంకుస్థాపన ఉండదు. సవరించిన అంచనాలుండవు. ఈ నియోజకవర్గంలో టైంటేబుల్ ప్రకారం నడిచే రవాణా ఏదైనా ఉందంటే అదే. మేనల్లుడికి అదే రాశాను. పిల్లలకు తప్పక చూపించు. వేళకు రావడమంటే ఏమిటో ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా మేం అక్కడికే తీసుకెళ్లి చూపిస్తాం.

ఆ చుట్టుపక్కలే నౌపడ తంపర. ఆ తంపర పక్కనే ఇంకో ల్యాండ్‌మార్కు, కాకరాపల్లి థర్మల్. సగంలో ఆగిన ఇనుమూ కాంక్రీటూ. చేపలు, పక్షులు, గడ్డి, వరి ఇన్నిటిని సాకే చిత్తడి నేల కొందరి కళ్లకు పనికిరాని భూమిలా కనిపించింది. 2011 ఫిబ్రవరి 28న అక్కడ పోలీసు తుపాకులు పేలాయి. అంతకు ఏడు నెలల ముందే 2010 జులై 14న సోంపేట బీలలో పేలాయి. మనుషులు చచ్చిపోయారు. కరెంటిస్తామన్నవాళ్లు తూటాలిచ్చారు. కరెంటు మాత్రం ఈనాటికీ బాకీ. అమెరికాలో ఇలాంటి చోట స్మారకం కడతారట, గైడు టిక్కెట్టు తీసుకుని చూపిస్తాడట. మనకంత అదృష్టమా? మనకు కొత్త సర్వే రాళ్లు వస్తాయి.

నాలుగోది చెప్పేటప్పుడు నాకు వ్యంగ్యం రాదు. 2025 నవంబర్ 1. కార్తీక ఏకాదశి, పైగా శనివారం. కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడి. తిరుపతి దాకా పోలేనివాళ్లు, పోయే డబ్బు లేనివాళ్లు, పోయే ఓపిక లేనివాళ్లు ఇక్కడే మొక్కు చెల్లించుకుందామని వచ్చారు. మెట్ల దగ్గర తోపులాటకు రెయిలింగు ఊడింది. తొమ్మిది మంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు. పొద్దుగూకకుండానే పాలకులు కనిపెట్టిన మహాసత్యం: అది ప్రైవేటు గుడి, దేవాదాయ శాఖ కింద లేదు, ముందుగా ఎవరూ సమాచారం ఇవ్వలేదు.

ప్రైవేటు గుడి. మరి పోయినవాళ్లు ప్రైవేటు మనుషులా? ఏకాదశి ఎప్పుడో పంచాంగంలో ఉంది. ఆటోవాడికి తెలుసు, అరటిపళ్ల బండివాడికి తెలుసు, ఊళ్లోంచి పొద్దున్నే బయల్దేరిన ముసలమ్మకు తెలుసు. తెలియనిది ఎవరికి? వేలమంది ఒక మెట్ల దారిలో ఇరుక్కుంటే కనబడదు. నలుగురు రైతులు విమానాశ్రయానికి మా తోటలు ఇవ్వం అని మామిడిచెట్టు కింద కూర్చుంటే మాత్రం కనబడుతుంది! అదేం చూపు?

ఇక షాపింగు.

మాల్ అంటే మేనల్లుడి లెక్కలో ఎకరాల కొద్దీ పార్కింగు, చల్లటి గాలి, నడిచే మెట్లు. మన లెక్క వేరు. నాలుగంతస్తుల బట్టలకొట్టుకు అద్దాలు బిగించి, ముందు ఒక సినిమా తారను నిలబెట్టి రిబ్బను కత్తిరిస్తే అది షాపింగ్ మాల్. ప్లానులో సెల్లారు పార్కింగుకని రాస్తారు. సెల్లార్లోకి దిగితే దుప్పట్ల ఆషాఢం సేల్. బళ్లు రోడ్డు మీద. రోడ్డు బళ్ల కింద. మనుషులు ఎక్కడ నడవాలి? మురుగుకాల్వ మీది పలకల మీద. పలక లేనిచోట? దూకాలి. చీర కట్టుకుని దూకాలి.

2011 జనాభా లెక్కల్లో పలాస–కాశీబుగ్గ మున్సిపాలిటీకి 57,507 మంది. పేరుకు జంట పట్టణం. కానీ బజారు యాభై ఏడు వేలమందిది కాదు. మందస వాళ్లది, వజ్రపుకొత్తూరు వాళ్లది, కొండల అవతల ఒడిశా పల్లెల వాళ్లది కూడా. పండగ ముందు సాయంత్రం కేటీ రోడ్డులో నిలబడి చూడండి. ఎక్కడెక్కడి జనమూ అక్కడే ఉంటారు. కొనడానికి వచ్చిన ఈ జనానికి ఓ నీడ, ఓ మంచినీటి కుళాయి, ఆడవాళ్లకు ఓ మరుగుదొడ్డి కావాలని ఎవరికైనా తోచిందా? అన్నిటికంటే ముందు తోచేది ఫ్లెక్సీ.

మేనల్లుడి ఊరిచుట్టూ బాదం తోటలు. ప్రపంచం నమిలే బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాదే. మనకు జీడి. హైవే పొడుగునా అద్దాల కొట్లు, పలాస జీడిపప్పు అని పెద్దక్షరాలు. అమెరికా నుంచి వచ్చినవాడెవడైనా సూట్‌కేసులో నాలుగు కిలోలు పెట్టుకోకుండా వెళ్లడు. కొట్లో అడిగితే 180 అంటారు, 240 అంటారు, 320 అంటారు. ఆ అంకెలేమిటో తెలుసా? పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ లెక్క. మన చెట్టు, మన చెయ్యి, తూకం మాత్రం తెల్లోడిది.

ఆ అద్దాల వెనక్కి కాస్త రండి. ఉద్దానంలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. బస్తాకు 16 వేలు ఇప్పించండి మహాప్రభో అని రైతులు రోడ్డెక్కారు. అంటే కిలో పిక్క 200 రూపాయలు. 80 కిలోల పిక్క పగలగొడితే ఇరవై కిలోలకు అటూఇటూగా పప్పు వస్తుంది. కొట్లో కిలో పప్పు ధర మీరే అడగండి. లెక్క మీరే వేసుకోండి. మంత్రిగారికి కాలిక్యులేటరు పంపడం నా వల్ల కాదు. ఈలోగా ఐవరీకోస్టు నుంచి, బెనిన్ నుంచి పిక్క ఓడెక్కి వస్తుంది. పలాస బాయిలర్లో ఉడుకుతుంది, పలాస ఆడవాళ్ల చేతుల్లో పొట్టు వదులుతుంది, పలాస జీడిపప్పు అయిపోతుంది. ఉద్దానం పిక్క మాత్రం ఇంటి వసారాలో గోనెసంచిలో కూర్చుని ధర కోసం దారి చూస్తుంది. ఎక్కడో ఆఫ్రికాలో పుట్టిన పిక్కకున్న రవాణా సౌకర్యం మన తోటలో రాలిన పిక్కకు లేకపోయె!

పిక్క కొట్టిన చెయ్యి ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? జీడి తగిలినచోట చర్మం పొక్కుతుంది, నల్లబడుతుంది, పొరలుగా లేస్తుంది. బొటనవేలు, చూపుడువేలు కొసలు తారు పూసినట్టుంటాయి. సబ్బుకు పోదు. మా వీధిలో ఒకావిడ పెళ్లిళ్లకు వెళితే కుడిచెయ్యి కొంగులో పెట్టుకునే పలకరిస్తుంది. భోజనాల దగ్గర మాత్రం బయటికి తీయక తప్పదు. ఆ చేతికి వడ్డించిన పాయసంలో జీడిపప్పు తేలుతుంటుంది. ఆవిడ దాన్ని ముందు వేలితో పక్కకు తోసి, చివర్లో తింటుంది. ఎందుకమ్మా అంటే, "గుండో బద్దో సూసుకుంతన్నాను బాబూ" అంది. అలవాటు.

మూడో ప్రశ్న ట్రాన్స్‌పోర్టు. దీనికి మాత్రం గర్వంగా జవాబివ్వొచ్చు. చరిత్రతో మొదలుపెడదాం.

పర్లాకిమిడి రాజావారు తన రాజధానికి రైలు కావాలనుకున్నారు. నౌపడ నుంచి నలభై కిలోమీటర్లు. 1898లో పని మొదలైంది. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. బుల్లి పట్టాలు, బుల్లి ఇంజను, టెక్కలి మీదుగా కూత వేసుకుంటూ పోయేది. జేసీబీ లేదు, సిమెంటు లారీ లేదు, డ్రోను సర్వే లేదు. రెండేళ్లు పట్టింది. అదే లైనును పెద్ద పట్టాలకు మార్చడానికి స్వతంత్ర భారతం 2004లో బండి ఆపింది. మళ్లీ కూత వినబడింది 2011లో. ఏడేళ్లు. రాజులు పోయారని మనం పండగ చేసుకున్నాం. వాళ్లతోపాటు ఇంకేదో కూడా పోయినట్టుంది. అదేమిటో ఏ శాఖలోనైనా దొరుకుతుందేమో వెతకండి.

ఆమాటకొస్తే మొడెస్టోకు కూడా కొత్త రైలు వస్తోంది వస్తోందని ఏళ్ల తరబడి చెబుతున్నారట. వాడే రాశాడు. కాస్త ఊరటగా అనిపించింది. కానీ వాడికి ఈలోగా కారుంది.

రైల్వే జోను కథ మీకు తెలియంది కాదు. 2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోను ప్రకటించారు. టపాసులు పేలాయి. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న. ఒక రాయికి దాదాపు ఆరేళ్లు. రాయి బరువైనది కాబోలు. అదీ వచ్చాక గీత ఎక్కడ గీశారు? పలాస దగ్గర. పలాస ఇవతల మనది, పలాస దాటితే ఖుర్దా రోడ్డు డివిజను. మందస, సోంపేట, ఇచ్ఛాపురం జనం ఓటు ఆంధ్రాలో వేస్తారు, పన్ను ఆంధ్రాలో కడతారు, రైలు ఆగలేదని అర్జీ మాత్రం ఒడిశా వెళ్లి ఇవ్వాలి. 1936లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. ఇప్పుడు మన స్టేషన్లూ అటే. సరిహద్దంటే మన పెద్దలకు ఎంత ఉదారమో!

ఆపైన హైవే. చెన్నై, కలకత్తాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ల నడుమ నుంచే పోతుంది. నున్నగా ఉంటుంది. మన ఊరి రోడ్డు దాంట్లో కలిసేచోట మాత్రం కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు, ఎక్కడ ఢిల్లీ అయిపోయి ఎక్కడ మనం మొదలయ్యామో. నడుము చెబుతుంది.

ఆపైన ఓడరేవు. మొన్నటిదాకా భావనపాడు, ఆ తర్వాత మూలపేట. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన, 4,362 కోట్లు. అప్పట్లో చెప్పిన గడువు దాటింది. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లు తమ నేల వదిలాయి. ఓడ వస్తుందని ఊరు లేచి చోటిచ్చింది. ఓడేమో ఇంకా బొట్టు పెట్టుకుంటోంది.

ఆపైన విమానం! మందస, వజ్రపుకొత్తూరు మండలాల తోటల్లో కార్గో ఎయిర్‌పోర్టు కడతారట. వెయ్యి ఎకరాలకు పైమాటే. కొబ్బరి, జీడి, మామిడి, పనస. ఉద్యానవనం అన్న మాటే నలిగి ఉద్దానం అయిందంటారు. ఆ పేరులో ఉన్న వనాన్ని చదును చేసి రన్‌వే పరుస్తారు. దేనికయ్యా అంటే, మీ పంటను విదేశాలకు ఎగుమతి చేయడానికి అంటారు. ఏ పంటను? తోట తీసేశాక ఏ పంటను? బస్తాకు ధర కట్టలేనివాడు పిక్కను విమానం ఎక్కిస్తానంటే నమ్మాలా? తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వచ్చి కొబ్బరిచెట్లను మెడలు విరిచి పోయింది. ఆ పేరు పెట్టింది పాకిస్తాను, అర్థం సీతాకోకచిలుక. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఏడెనిమిదేళ్లు. అప్పుడు నాటిన మొక్క ఇప్పుడిప్పుడే పూతకొచ్చింది. సరిగ్గా ఇప్పుడే దాని పక్కన సర్వేకొచ్చారు. తుపానుకైనా ఓ సీజనుంటుంది. వీళ్లకు?

మన అదృష్టం మాత్రం చూడండి. కేంద్రంలో విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మన ఎంపీ. రాష్ట్రంలో వ్యవసాయ మంత్రి కింజరాపు అచ్చెన్నాయుడు మన టెక్కలి ఎమ్మెల్యే. అబ్బాయిది ఆకాశం, బాబాయిది నేల. రెండూ ఒకే ఇంట్లో. ఈ రెంటికీ మధ్య భూమికి నాలుగడుగుల ఎత్తులో నడిచే బస్సు అనే వస్తువు మాత్రం ఏ శాఖ కిందికీ రాక మిగిలిపోయింది.

అంతకుముందు ఐదేళ్లూ తక్కువేం తినలేదు. జిల్లాకు స్పీకరు కుర్చీ వచ్చింది, ఉప ముఖ్యమంత్రి కుర్చీ వచ్చింది, పలాసకే మత్స్యశాఖ మంత్రి కుర్చీ వచ్చింది. కుర్చీలకు మనకెప్పుడూ లోటు లేదు. బస్టాపులో బెంచీకే.

ఉచిత బస్సు సంగతి మరిచాననుకునేరు. 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' వచ్చింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టిక్కెట్టు సున్నా. మంచిదే, వంక పెట్టను. మా వీధి ఆడవాళ్లు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పైసా లేకుండా వెళ్లొస్తున్నారు. కానీ ఉచితమన్నది టిక్కెట్టు. బస్సు కాదు. బస్సు తిరగని తోటల దారిలో, సముద్రం ఒడ్డు పల్లెలో ఆ సున్నా టిక్కెట్టును పట్టుకుని ఏం చేయాలి? విసురుకోవాలా? పూర్వం బస్సుకు డబ్బుల్లేవు. ఇప్పుడు డబ్బక్కర్లేదు, బస్సు లేదు.

ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. హైవే, మెయిన్ లైను, ఓడరేవు, విమానాశ్రయం. అన్నీ మన నేల మీదే. అన్నీ మన మీదుగా పోయేవే. చెన్నై సరుకు కలకత్తాకు, కలకత్తా సరుకు చెన్నైకి, ఆఫ్రికా పిక్క పలాసకు, పలాస పప్పు ఢిల్లీకి, పలాస కుర్రాడు ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాదుకు. పోయేవాటికి కోట్లు. పది కిలోమీటర్ల అవతల ఆసుపత్రికి పోవాల్సిన మనిషికి? ఆటో. అదీ పదిమంది నిండితేనే.

ఇప్పుడు ఆ మొదటి మాటకు వస్తాను. నీరు.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదమిత్థమని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీరన్నారు, ఎండ అన్నారు, మందులన్నారు. నిపుణులు వచ్చారు, కొబ్బరినీళ్లు తాగారు, వెళ్లారు. 2017లో హార్వర్డు డాక్టర్లు కూడా వచ్చారు. నీటి పథకాలకు లోటు లేదు. ఒకరి హయాంలో ఎన్టీఆర్ సుజల, ఇంకొకరి హయాంలో వైఎస్సార్ సుజలధార. సుజల అన్న మాట ఇద్దరికీ నచ్చింది. పేచీ అంతా దాని ముందున్న పేరు దగ్గరే. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్లతో 807 ఊళ్లకు నీళ్లన్నారు. ఎన్ని ఊళ్లలో కుళాయికి ఏ రోజు నీళ్లొచ్చాయో వార్డుకో బోర్డు పెట్టి రాయండి చూద్దాం. అలాంటి బోర్డు మీద నాయకుడి ఫొటో ఎవరూ వేయించుకోరు.

పలాసలో కిడ్నీ ఆసుపత్రి కట్టారు. 200 పడకలు. 2019 సెప్టెంబర్ 6న రాయి వేశారు, 2023 డిసెంబర్ 14న తలుపు తీశారు. నాలుగేళ్లు. మన లెక్కల్లో అది రాకెట్ వేగం, ఒప్పుకుంటాను. డయాలసిస్ రోగులకు నెలకు పదివేల పింఛనూ ఉంది. బాగుంది. కానీ డయాలసిస్ అంటే వారానికి రెండుసార్లో మూడుసార్లో, బతికున్నన్నాళ్లూ. ఇంటి నుంచి ఆ పడక దాకా ఎలా వెళ్లాలో ఏ జీవోలో రాసుంది?

మొన్న నేనెక్కిన ఆటోలో ఒకావిడ ఉంది. అరవై ఉంటాయి. ఎడమచేతికి మోచేయి దగ్గర ఫిస్టులా. నరం తాడులా ఉబ్బి, దాని మీద సూది గుచ్చిన మచ్చలు వరసగా. ఆ చేతిని చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది. కుడిచేత్తో రాడ్డు పట్టుకుంది. ముగ్గురి సీట్లో ఐదుగురం. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇంకొకలికి సోటుంది, జరగండి తల్లీ" అంటున్నాడు. గొయ్యి వచ్చినప్పుడల్లా ఆవిడ ఆ ఎడమచేతిని గాల్లోకి లేపుతుంది. ఒళ్లు పడ్డా ఫరవాలేదు, చెయ్యి తగలకూడదు. "కుంత నెమ్మదిగా తోలు నాయినా. ఈ సెయ్యి పోతే మరింకో సెయ్యి సూడాల" అంది. డ్రైవరు నెమ్మదించాడు. మంచివాడు. పక్కనుంచి సైరను కారు ఒకటి, దాని వెనక ఆరు కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. ఆవిడ చేతికి కొంగు కప్పుకుంది. ఏదో పరిశీలనకు వెళ్తున్నారట. దేని పరిశీలనో ఆటోలో ఎవరికీ తెలీదు.

ఆ రాత్రి మేనల్లుడికి జవాబు రాశాను. నాయనా, మందస వాసుదేవ పెరుమాళ్ గుడి చూపించు, మందస కోవా తినిపించు, బారువ ఒడ్డున సూర్యోదయం చూపించు, తేలినీలాపురం కొంగలు చూపించు. ఇవన్నీ ఎవరి హామీలూ కావు కాబట్టి బాగున్నాయి. విశాఖలో కారు మాట్లాడుకుని రా. తిరుగు ప్రయాణం దాకా దాన్ని వదలకు.

వాడు ఒక్కటే అడిగాడు. "మన ఊరి ఆర్చి ఫొటో ఒకటి పంపు మావయ్యా. పిల్లలు వాళ్ల స్కూల్లో చూపిస్తారట. మొడెస్టోది, మనదీ పక్కపక్కన."

పొద్దున్నే బయల్దేరాను. ఆర్చి ఉంది. రెండు స్తంభాలూ గట్టిగానే ఉన్నాయి. దాని నుదుటి మీద ఇటు చివర నుంచి అటు చివర దాకా ఒక ఫ్లెక్సీ. జన్మదిన శుభాకాంక్షలు. మధ్యలో దండం పెడుతున్న నాయకుడు, చుట్టూ గుండ్రాల్లో ఇరవైముగ్గురు అనుచరులు. పుట్టినరోజు అయిపోయి రెండు నెలలైంది. కింద ఇంకో ఫ్లెక్సీ. ఇది అవతలి పార్టీది. ఇద్దరూ కలిసి ఊరి పేరును ఒక్క అక్షరం మిగల్చకుండా కప్పేశారు. ఏ కోణంలో తీసినా నాయకుడి పళ్లే పడుతున్నాయి. ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ఆటో స్టాండులోంచి ఒకడు కేకేశాడు.

"ఏటి బాబూ, ఎతుకుతున్నావు?"

"ఊరి పేరురా. ఫొటో తీయాలి. కనబడ్డం లేదు."

"పేరెందుకు బాబూ? ఆ ముందున్న గొయ్యి తియ్యి. మనోలెవులైనా సూడగానే పోలుస్తారు."